విప్పేసిన స్ప్లెండర్‌ను మళ్ళీ బిగించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ప్రశ్న నాకు అర్థమైనంతలో చెప్తాను. నాన్నగారి 2004 మోడల్ హీరో హోండా స్ప్లెండర్. రంగు వేయిద్దామని మొదలుపెట్టి రెండు ఆదివారాల్లో బండి మొత్తం విప్పేశారు. ఫ్రేముకు పౌడర్ కోటింగ్ చేయించి తెచ్చుకున్నారు. ఇంజిన్‌కు హెడ్డూ బ్లాకూ తీశారు, చాంబర్ (క్రాంకు, గేర్లు ఉండే కింది పెట్టె) మాత్రం విప్పలేదు. నట్లు, బోల్టులు అన్నీ రెండు పెయింటు డబ్బాల్లో కలిపి పోశారు. విప్పినదానికి తిరగేసి బిగిస్తే సరిపోతుందా, లేక అన్నీ ఆటోలో వేసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్ళాలా అని అడుగుతున్నారు.

మీరే బిగించుకోవచ్చు. తెనాలిలో 27 ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, నా చేతి మీదుగా వెళ్ళిన బండ్లలో సగం స్ప్లెండర్లే. 97.2 సీసీ, ఒకటే సిలిండరు, గాలికి చల్లారే ఇంజిను, డ్రమ్ము బ్రేకులు. ఇంతకన్నా తేలికైన బండి మీద మీరు నేర్చుకోలేరు. కానీ ఈ వారం ఒక్క బోల్టు కూడా బిగించకండి. ముందు ఆ రెండు డబ్బాల సంగతి తేల్చండి. తర్వాత వరుస ఇదీ: ఫ్రేము మరలు శుభ్రం చేయడం, స్టాండు, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి), ఫోర్కు, చక్రాలు. బండి తన కాళ్ళ మీద తాను నిలబడ్డాక ఇంజిను. దాని తర్వాత వైరింగు, కేబుళ్ళు. ట్యాంకు, సీటు, సైడు డోములు అన్నిటికన్నా చివర, అదీ ఇంజిన్ స్టార్టయి పది నిమిషాలు తిరిగాకే.

మూడు పనులు మాత్రం డబ్బులిచ్చి చేయించుకోండి: బ్లాకు బోరు, వాల్వు సీట్లు, స్పోకుల చక్రానికి బెండు తీయడం. వీటికి చేయి తిరిగి ఉండాలి. అది వీడియో చూస్తే రాదు.

ఇక తిరగేసి బిగించడం గురించి. కంపెనీ మాన్యువళ్ళలో కూడా ఆ ముక్కే రాసి ఉంటుంది గానీ అది సగమే నిజం. విప్పేటప్పుడు బండే మీకు దారి చూపిస్తుంది. ఏ వాషర్ ఎక్కడిదో తుప్పు మరక చెప్తుంది, ఏ పైపు ఎటు వెళ్ళిందో మట్టి చార చెప్తుంది. ఇప్పుడు అన్నీ కడిగారు, రంగు వేయించారు. ఆ గుర్తులన్నీ పోయాయి. ఇంకోటి, విప్పడంలో ఒక్కొక్కటీ విడిగా వస్తుంది. బిగించడంలో అలా కుదరదు. ఇంజిన్ పట్టుకునే బోల్టుల్లో ఒకదాన్ని పూర్తిగా బిగించేసి రెండోది దూర్చబోతే రంధ్రం ఎదురు రాదు. అందుకే ఏ భాగమైనా అన్ని బోల్టులూ చేత్తో ఎక్కించి, అన్నీ కూర్చున్నాయని చూసుకుని, అప్పుడు పానా పెట్టాలి. కొత్తవాళ్ళు మరలు పాడుచేసేది నూటికి తొంభై సార్లు ఇక్కడే. బోల్టు మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్ళతోనే తిరగాలి. తిరగలేదంటే వంకరగా ఎక్కుతోందని అర్థం. వెనక్కి తీసి మళ్ళీ పెట్టండి.

డబ్బాల సంగతి

రెండు డబ్బాలూ కిరసనాయిల్లో కడిగి పాత దుప్పటి మీద ఆరబోయండి. ముందు లావును బట్టి వేరు చేయండి. ఈ బండికి ఎక్కువగా వచ్చేవి 6 మిల్లీమీటర్లు, 8 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్లు. మామూలుగా 6 బోల్టు తలకు 10 నంబరు పానా, 8కి 12, 10కి 14 పడతాయి. అక్కడితోనే సగం పని అయిపోతుంది. తర్వాత పొడవును బట్టి పేర్చండి.

ఇంజిన్ సైడు కవర్ల స్క్రూల దగ్గర అందరూ తికమకపడతారు. ఒకే లావు, పొడవులు మాత్రం మూడు నాలుగు రకాలు. దీనికి మా మేస్త్రీ నేర్పిన కిటుకు ఒకటుంది. కవరు దాని చోట పెట్టి, స్క్రూలన్నిటినీ రంధ్రాల్లో ఊరికే జారవిడవండి, తిప్పొద్దు. అన్ని తలలూ కవరు పైకి ఒకే ఎత్తులో నిలబడాలి. ఒకటి పొడుగ్గా నిక్కి చూస్తోందంటే అది పక్క రంధ్రానిది. ఒకటి కవరుకు ఆనుకునేంత లోపలికి పోయిందంటే అది పొట్టిది, రెండు మరలు మాత్రమే పట్టి కొన్నాళ్ళకు ఆ మరలతో సహా ఊడొస్తుంది. పొడుగుదాన్ని తప్పు రంధ్రంలో బలవంతంగా బిగిస్తే ఇంకా ఘోరం. అడుగున అల్యూమినియం పగులుతుంది.

కొన్ని పోయి ఉంటాయి, కొత్తవి కొనాలి. ఇక్కడ జాగ్రత్త. 10 మిల్లీమీటర్ల బోల్టు కావాలని ఇనప సామాన్ల కొట్టుకు వెళ్తే వాళ్ళిచ్చేదానికి మర దూరం (ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య ఎడం) 1.5 మిల్లీమీటర్లు ఉంటుంది. జపాన్ పద్ధతిలో వచ్చిన ఈ బండ్లకు 10 బోల్టు మర 1.25. కంటికి తేడా తెలియదు, రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది, మీరేమో రంగు అడ్డొచ్చిందనుకుని బలం పెడతారు. 6కి 1.0, 8కి 1.25 కాబట్టి అవి ఎక్కడైనా దొరుకుతాయి. 10వి మాత్రం బండి స్పేర్ పార్టుల షాపులోనే కొనండి. ఇరుసుకు, స్వింగ్ ఆర్మ్‌కు, ఇంజిన్ మౌంటింగుకు తల మీద ఏ అంకె లేని మెత్తటి బోల్టు వేయకండి, కనీసం 8.8 అని ఉండాలి, బోల్టు గట్టిదనాన్ని చెప్పే అంకె అది.

తీసినవి మళ్ళీ వేయకూడనివి: స్ప్లిట్ పిన్నులు, పిస్టన్ పిన్ను క్లిప్పులు, ప్యాకింగులు, ఓ రింగులు, రాగి వాషర్లు. అన్నీ కలిపి పెద్ద ఖర్చు కాదు. ఫుల్ ప్యాకింగ్ కిట్ ఒకటి తెచ్చి దగ్గర పెట్టుకోండి.

పౌడర్ కోటింగ్ చేసిన ఫ్రేము

ఈ కోటింగ్ మామూలు రంగు కన్నా బాగా మందం. ఓవెన్‌లో సుమారు 200 డిగ్రీల దాకా కాల్చి పట్టిస్తారు. వేసేటప్పుడు మరలకు బిరడాలు పెట్టమని మీరు చెప్పి ఉండకపోతే అన్ని మరల్లోనూ అది పేరుకుని ఉంటుంది. ప్రతి రంధ్రంలోనూ ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) తిప్పి శుభ్రం చేయాలి. ట్యాప్ సెట్ లేకపోతే పాత బోల్టు ఒకదానికి పొడవునా రంపంతో గాడి కోసి, నూనె రాసి మెల్లగా ముందుకూ వెనక్కూ తిప్పుతూ దింపండి. చెత్త ఆ గాడిలోకి వచ్చేస్తుంది. హ్యాండిల్ బేరింగు కప్పులు కూర్చునే చోట, స్వింగ్ ఆర్మ్ షాఫ్టు దూరే చోట కోటింగును పూర్తిగా గీకేయాలి. అక్కడ కోటింగు ఉంటే కప్పు వంకరగా కూర్చుంటుంది.

ఎర్త్ పాయింటు కూడా మర్చిపోవద్దు. ఈ మాట అనుభవం మీద చెప్తున్నాను. కొన్నేళ్ళ క్రితం ఒకాయన తళతళలాడే ఫ్రేముతో బండి బిగించమని ఇచ్చాడు. అంతా బిగించాను, స్పార్కు రాదు. ప్లగ్గు మార్చాను, కాయిలు మార్చాను, స్పార్కు పుట్టించే సీడీఐ యూనిట్ పక్క బండిది తీసి పెట్టి చూశాను. రెండు రోజులు పోయాయి. చివరికి చూస్తే కాయిలు కూర్చునే చోట కోటింగు చెక్కు చెదరకుండా ఉంది. ఇనుముకు ఇనుము తగలడమే లేదు. రూపాయి బిళ్ళంత చోట ఎమెరీ పేపరుతో గీకితే మొదటి కిక్కుకే పట్టింది. ఆ రెండు రోజుల కూలి ఆయన్ని అడగలేదు. ఏ మొహంతో అడుగుతాను?

ముందు బండి కాళ్ళ మీద నిలబడాలి

సెంటర్ స్టాండు, స్వింగ్ ఆర్మ్, షాకులు ఎక్కించడంలో పెద్ద చిక్కేమీ లేదు. బుష్షులు అరిగి ఉంటే ఇప్పుడే మార్చేయండి. తర్వాత మళ్ళీ ఇంత విప్పరు కదా.

హ్యాండిల్ కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగు కప్పులు, గోళీలు) దగ్గర ఓపిక కావాలి. కప్పులో గ్రీజు దండిగా పెట్టి గోళీలు ఒక్కొక్కటే అద్దండి, కింద పడవు. పై నట్టు ఎంత బిగించాలన్నదే అసలు ప్రశ్న. ముందు చక్రం నేలకు తగలకుండా బండి లేపి, హ్యాండిల్ నడిమధ్య పెట్టి వేలితో మెల్లగా నెట్టండి. తన బరువుకు తానే ఆ చివరికి వాలిపోవాలి. మధ్యలో ఆగిందంటే బిగువు ఎక్కువ. తర్వాత ఫోర్కు కింది భాగం పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగండి. టక్ మని ఆడిందంటే వదులు. ఈ రెండూ లేని చోట ఆపాలి. ఫోర్కు ఆయిల్ రెండు కాళ్ళలోనూ కొలిచి సమానంగా పోయండి, అంచనాగా వద్దు.

చక్రాల్లో రెండు బేరింగుల మధ్య హబ్బు లోపల ఒక గొట్టం లాంటి కాలర్ ఉంటుంది. చాలామంది బేరింగులు మార్చేటప్పుడు దీన్ని పక్కన పెట్టి మర్చిపోతారు. అది లేకుండా ఇరుసు బిగిస్తే బేరింగులు రెండూ ఒకదానివైపు ఒకటి నొక్కుకుని పట్టేస్తాయి. ఇరుసు బిగించగానే చక్రం బరువెక్కిందంటే ముందు అనుమానించాల్సింది ఈ కాలర్‌నే.

ఇప్పుడు చెప్పేది దయచేసి రెండుసార్లు చదవండి. ముందు బ్రేకు ప్లేటుకు ఒక గాడి ఉంటుంది, ఫోర్కు కాలికి లోపలివైపు ఒక బొడిపె ఉంటుంది. చక్రం ఎక్కించేటప్పుడు ఆ బొడిపె ఆ గాడిలో కూర్చోవాలి. కూర్చోకపోయినా ఇరుసు దూరుతుంది, నట్టు బిగుస్తుంది, చక్రం తిరుగుతుంది. చూసేవాళ్ళకు తేడా కనపడదు. కానీ మొదటిసారి బ్రేకు గట్టిగా నొక్కినప్పుడు ప్లేటు మొత్తం చక్రంతో పాటు తిరుగుతుంది, కేబులు చుట్టుకుని చక్రం పట్టేస్తుంది. మా వీధి చివర ఒక కాలేజీ కుర్రాడు ఇలాగే పంచరు వేసుకుని తనే చక్రం బిగించుకున్నాడు. వంద గజాలు కూడా పోలేదు, మణికట్టు విరిగింది. వెనక చక్రానికి ఇదే పని చేసే టార్క్ రాడ్డు ఉంటుంది. దాని నట్టుకు స్ప్లిట్ పిన్ను పెట్టకుండా బండి ఎక్కొద్దు.

చెయిన్ లాక్ క్లిప్పు మూసి ఉన్న వైపు చెయిన్ పరిగెత్తే దిక్కుకు ఉండాలి. ఇది తెలిసిందేగా అనుకోకండి, రెండో వైపు పెట్టినవి నెలకొకటైనా చూస్తాను.

ఇంజిన్

చాంబర్ విప్పలేదన్నారు, మంచి పని చేశారు. క్రాంకు, గేర్లు కదలకుండా ఉన్నాయి కాబట్టి మీ పని పిస్టన్, బ్లాకు, హెడ్డు, టైమింగ్ చెయిన్ వరకే. అది ఒక పూట పని. మీరు రెండు రోజులు పెట్టుకోండి.

ముందు బోరు. పిస్టన్ 50 మిల్లీమీటర్లది, స్ట్రోకు 49.5. బ్లాకులో వేలుపెట్టి పైనుంచి కిందికి రాస్తే పైభాగంలో గోటికి అంచు తగులుతోందంటే అరిగినట్టే. బోరు కొట్టించాలి. అక్కడ కూడా వరుస ముఖ్యం. ముందు ఓవర్ సైజు (అసలుదానికన్నా కొంచెం లావు) పిస్టన్ కొని, దాన్ని పట్టుకుని లేతుకు వెళ్ళాలి. లేతు మేస్త్రీ ఆ పిస్టన్‌ను కొలిచి దానికి తగ్గట్టు బోరు కొడతాడు. బోరు ముందు కొట్టించి తర్వాత పిస్టన్ వెతికితే వదులో బిగువో మీ అదృష్టం. మేమైతే బెజవాడ ఆటోనగర్ పంపిస్తాం. హైదరాబాదు వాళ్ళకు అక్కడే లేతులకు కొదవలేదు. బోరు అయి వచ్చిన బ్లాకును సబ్బు నీళ్ళతో బ్రష్షు పెట్టి తోమండి. పెట్రోలుతో తుడిస్తే హోనింగ్ రాతి పొడి గీతల్లోనే ఉండిపోతుంది. తెల్ల గుడ్డతో తుడిస్తే బూడిద రంగు అంటకూడదు. వెంటనే ఆయిల్ రాయండి, లేదంటే గంటలో తుప్పు పొర వస్తుంది.

రింగులు. పిస్టన్‌కు ఎక్కించేముందు ఒక్కో రింగును విడిగా బోరులో పెట్టి, పిస్టన్ తలతో లోపలికి నెట్టి, మూతుల (రింగు తెగి ఉన్న కొసల) మధ్య సందు ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకులతో) చూడండి. అసలు సందే లేకపోతే వేడెక్కి సాగినప్పుడు రింగు మూతులు ఢీకొని బోరును గీకేస్తాయి. రింగు మీద అక్షరమో చుక్కో ఉన్న వైపు పైకి రావాలి. రింగులు విరిచేయకండి, అవి పోత ఇనుము, రెండు వేళ్ళ బలానికే పుటుక్కుమంటాయి. మూతులన్నీ ఒకే వరుసలోకి రాకుండా తలా 120 డిగ్రీలు దూరంగా తిప్పి పెట్టండి. పిస్టన్ తల మీద ఐఎన్ అని ఇంగ్లీషు అక్షరాలుంటాయి, అవి కార్బొరేటర్ వైపుకు. స్ప్లెండర్‌లో సిలిండరు దాదాపు పడుకుని ఉంటుంది, కాబట్టి ఆ వైపు అంటే పైకన్నమాట.

పిన్ను దూర్చి క్లిప్పు పెట్టేముందు చాంబర్ నోటికి గుడ్డ కప్పండి. నేను పని నేర్చుకునే రోజుల్లో, అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళుంటాయేమో, గుడ్డ లేకుండానే క్లిప్పు నొక్కాను. ముక్కుపుడకంత క్లిప్పు టింగుమని ఎగిరింది. ఎటు పోయిందో తెలియలేదు. షాపు నేలంతా ఊడ్చాం. అయస్కాంతం కట్టిన తీగ చాంబర్‌లోకి దింపి కెలికాం. పక్కనెక్కడో పడిందిలే అని వదిలేయడానికి మేస్త్రీ ఒప్పుకోలేదు. ఆ రాత్రి పదింటికి చాంబర్ విప్పాం. క్రాంకు కింద, మూలకు కూర్చుని ఉంది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. మర్నాడు పొద్దున నా చేతికి ఒక పాత బనియను ముక్క ఇచ్చాడు, అంతే. ఇప్పటికీ బనియను ముక్క కప్పకుండా క్లిప్పు ముట్టుకోను. క్లిప్పు గాడిలో కూర్చున్నాక వేలితో తిప్పి చూడండి. మూతి గాడికున్న కోత దగ్గరికి రాకూడదు.

బ్లాకు దింపేటప్పుడు టైమింగ్ చెయిన్‌ను తీగతో పైకి కట్టి పట్టుకోండి, వదిలేస్తే లోపలికి జారిపోతుంది. రింగులను వేళ్ళతో నొక్కుతూ, ఆయిల్ రాసి, మెల్లగా. ఎక్కడైనా ఆగితే సుత్తి తీయకండి. ఒక రింగు బయటికి వచ్చి అడ్డం పడింది, అంతే.

బ్లాకుకీ హెడ్డుకీ మధ్య చిన్న డోవెల్ గొట్టాలు, ఓ రింగు ఉంటాయి. ఆయిల్ పైకి ఎక్కే దారి అది. ఆ ఓ రింగు మర్చిపోతే బయట ఆయిల్ కారుతుంది. దారి మూసుకుపోతే ఇంకా పెద్ద ప్రమాదం. కామ్ షాఫ్ట్‌కు ఆయిల్ అందక గీతలు పడుతుంది. ప్యాకింగ్ గమ్ము రుద్దే అలవాటున్నవాళ్ళు ఇక్కడ చేయి దూరంగా పెట్టుకోండి. హెడ్డు ప్యాకింగుకు గమ్ము అక్కరలేదు. లోపలికి పిండుకున్న గమ్ము ముక్కే కొన్నాళ్ళకు ఊడి ఆ దారికి అడ్డం పడుతుంది. హెడ్డు నట్లు ఎదురెదురు మూలలుగా, రెండు మూడు విడతల్లో బిగించండి.

ఇక టైమింగ్. ఎక్కువమంది భయపడేది దీనికే గానీ ఇందులో కంటి పని తప్ప బలం పని లేదు. మ్యాగ్నెట్ రోటర్ మీద టీ అనే అక్షరం పక్కన గీత ఉంటుంది, ఎఫ్ అనే అక్షరం పక్కన ఇంకో గీత. మనకు కావాల్సింది టీ. ఎఫ్ అనేది స్పార్కు పడే చోటు, దాన్ని పట్టుకుని టైమింగ్ కలిపినవాళ్ళు చాలామంది ఉన్నారు. టీ గీతను చాంబర్ మీది గుర్తుకు కలిపి ఉంచి, పైన కామ్ స్ప్రాకెట్ మీది సున్నా గుర్తు హెడ్డు మీది గాటుకు ఎదురుగా వచ్చేలా చెయిన్ వేయండి. టెన్షనర్ బిగించాక మళ్ళీ చూడండి, చెయిన్ బిగుసుకున్నప్పుడు గుర్తు కొంచెం జరుగుతుంది. ఆ తర్వాత ప్లగ్గు తీసి ఉంచి, రోటర్‌ను చేత్తో, మ్యాగ్నెట్ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిక్కులో, రెండు పూర్తి చుట్లు తిప్పండి. రెండెందుకంటే క్రాంకు రెండుసార్లు తిరిగితే కామ్ ఒక్కసారి తిరుగుతుంది. రెండు చుట్ల తర్వాత రెండు గుర్తులూ మళ్ళీ కలవాలి. మధ్యలో గట్టిగా ఏదైనా తగిలినట్టు ఆగితే ఇక తిప్పకండి. వాల్వు పిస్టన్‌కు తగులుతోంది.

ఒక పన్ను తప్పితే ఏమవుతుందంటారా? బండి స్టార్టవుతుంది, అదే చిక్కు. నేనూ ఒకసారి తప్పాను. బండి నడుస్తోంది గానీ వంతెన ఎక్కలేకపోతోందని కస్టమరు మూడోరోజు తిరిగొచ్చాడు. కార్బొరేటర్ రెండుసార్లు కడిగాక గానీ హెడ్డు కవరు విప్పి చూడాలని నాకు తట్టలేదు. పికప్పు లేదు, సైలెన్సర్ వేడెక్కిపోతోంది అంటే ముందు గుర్తులు చూడండి.

టాపెట్లు, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే, రెండు రాకర్లూ ఆడుతున్న టీ గుర్తు దగ్గర, మీ మోడల్ మాన్యువల్లో ఇచ్చిన సందుకు ఫీలర్ గేజ్‌తో పెట్టండి. చప్పుడు రావడం లేదని బిగించుకుంటూ పోవద్దు. చప్పుడు చేసే టాపెట్ చికాకే పెడుతుంది. చప్పుడు చేయని బిగువు టాపెట్ అయితే వాల్వు పూర్తిగా మూసుకోనివ్వదు. అలా నడుస్తూ నడుస్తూ వాల్వు కాలిపోతుంది.

బిగువు గురించి ఒక మాట. అల్యూమినియంలోకి వెళ్ళే 6 బోల్టుకు 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు, 8 బోల్టుకు సుమారు 22 చాలు. హెడ్డు నట్లు, రోటర్ నట్టు లాంటివాటికి మాన్యువల్లో వేరే అంకెలుంటాయి, అవే పాటించండి. టార్కు రెంచి లేకపోతే 6 బోల్టుకు పానాను చివర పట్టుకోకుండా మధ్యలో పట్టుకుని మణికట్టుతో బిగించండి, భుజంతో కాదు. మర పోయిందని తెలిసిన రంధ్రంలో దారం చుట్టో, గమ్ము పెట్టో బిగించేవాళ్ళున్నారు. అలా చేయకండి. లేతులో హెలికాయిల్ (పాడైన మర స్థానంలో ఎక్కించే ఉక్కు తీగ చుట్ట) వేయిస్తే కొత్తదానికన్నా గట్టిగా ఉంటుంది.

వైరింగు, కార్బొరేటర్

హోండా పద్ధతిలో పచ్చ తీగ ఎర్త్, ఎరుపు బ్యాటరీ ప్లస్, నలుపు తాళం తిప్పాక కరెంటు వచ్చేది. నారింజ ఎడమ ఇండికేటరు, లేత నీలం కుడి. ఇంతవరకు గుర్తుంటే మిగతా కప్లర్లు వాటి జతలోనే దూరతాయి, తప్పుగా పెట్టడం కష్టం. వైరింగును హ్యాండిల్ దగ్గర కట్టేముందు హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. తీగ గానీ కేబులు గానీ లాగినట్టయితే దారి మార్చండి. హ్యాండిల్ తిప్పగానే ఇంజిన్ రేజ్ అయ్యే బండ్లన్నిటిదీ ఇదే కథ.

కార్బొరేటర్ జెట్లలో సూది గుచ్చొద్దు, గాలి కొట్టండి. ట్యాంకు లోపల తుప్పు ఉంటే ముందు దాన్ని శుభ్రం చేశాకే పైపు కలపండి. అంతకన్నా ఇందులో చెప్పడానికేమీ లేదు.

మొదటి కిక్కు

సెంటర్ స్టాండు మీద నిలబెట్టి ఆయిల్ పోయండి. గేజ్ మరలో తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. ప్లగ్గు తీసేసి ఓ ముప్ఫై నలభై కిక్కులు కొట్టండి. టాపెట్ మూతలు తీసి ఉంచితే ఆయిల్ పైదాకా వచ్చిందో లేదో కనపడుతుంది. వచ్చాకే ప్లగ్గు బిగించండి. ట్యాంకు ఎక్కించకుండా ఒక సీసాకు పైపు పెట్టి, చెట్టుకు కాకుండా ఏదైనా ఇనుప స్టాండుకు గట్టిగా కట్టి, ఇంజిన్‌కు ఎడంగా ఉంచి కొంచెం పెట్రోలు ఇవ్వండి. పక్కన ఎవరినైనా ఉంచుకోండి, బీడీ తాగేవాళ్ళను మాత్రం కాదు. పక్కనే బకెట్ ఇసుక ఉండాలి. స్టార్టయ్యాక మొదట కాసేపు పొగ వస్తుంది, పిస్టన్‌కూ బోరుకూ రాసిన ఆయిల్ అది, కంగారు పడొద్దు. పది నిమిషాలకూ తగ్గకపోతే మాత్రం ఆలోచించాలి.

కొత్త బోరుతో మొదటి 500 కిలోమీటర్లు ఒకే వేగంలో పోకుండా, డబుల్స్ ఎక్కించకుండా మెల్లగా తిప్పండి. మొదటి 50 కిలోమీటర్లకు ఇంజిన్ మౌంటింగ్, ఇరుసులు, సైలెన్సర్ నట్లు మళ్ళీ ఒకసారి పానా పెట్టి చూడాలి. కోటింగు నలిగి బోల్టులు వదులవుతాయి. 500కి ఆయిల్ మార్చేసి, పాతది తెల్ల పళ్ళెంలో పోసి చూడండి. సన్నటి వెండి మెరుపు మామూలే. వేలికి గుచ్చుకునే ముక్క ఉంటే నాకు ఫొటో పెట్టండి.

అన్నీ అయ్యాక డబ్బా అడుగున బోల్టులు మిగిలితే నవ్వి ఊరుకోకండి. ఒక్కొక్కటీ పొడవు కొలిచి, స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి పెట్టండి, ఎక్కడివో నేను చెప్తాను.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చెప్పాలి. బండి 2004ది అన్నారు. సొంత బండ్ల ఆర్సీ 15 ఏళ్ళు, ఆ తర్వాత అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి. నాన్నగారు చేయించారో లేదో ఆర్సీ తీసి చూడండి. రెన్యువల్‌కు వెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారు చాసిస్ నంబరు చూస్తారు. పౌడర్ కోటింగు కింద హెడ్ పైపు మీది నంబరు పూడుకుపోయి ఉంటే, గీకి చెరిపేయకుండా పెయింట్ రిమూవర్ అద్ది మెత్తటి బ్రష్షుతో తేల్చండి. ఆ నంబరును ఫైలుతో ముట్టుకుంటే మామూలు బండి దొంగ బండి లెక్కలోకి పోతుంది. రంగు కూడా మార్చారు కాబట్టి అదీ ఆర్సీలో రాయించుకోవాలి. నంబరు తేల్చే పని ఇంజిన్ బిగించేముందే చేసుకోండి, ఇప్పుడైతే ఫ్రేము చేతిలో ఉంది, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది.